ఆడబిడ్డకు ఏ సారె?

మార్చి నెలలో ప్రగతి నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఆహ్వానం వచ్చింది. మహిళా దినోత్సవం సందర్భంగా జపాన్ టీ గిన్నెల తయారీ నేర్పుతారట. రెండున్నర గంటలు, మనిషికి రెండున్నర వేలు. మట్టి వాళ్ళదే, ఏప్రాన్ వాళ్ళదే, చివర్లో గ్రీన్ టీ కూడా వాళ్ళదే. చోటు హైటెక్ సిటీ వైపు ఒక స్టూడియో. ఎనిమిది మందిమి రెండు కార్లలో వెళ్ళాం.

నేర్పే అమ్మాయి మంచి పిల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి మట్టి పట్టుకుంది. సెన్ నో రిక్యూ గురించి, వాబి సాబి గురించి, వంకరలోని అందం గురించి ఓపిగ్గా చెప్పింది. "మీలో ఉన్న లోపాలను ప్రేమించడం ఈ గిన్నె నేర్పుతుంది" అంది. మాలో ఎవరో మన పల్లెల్లో కుమ్మరి కుండల సంగతి ఎత్తారు. "అది వాడకం వస్తువు మేడమ్, ఇది ఆర్ట్" అంది అదే చిరునవ్వుతో. తర్వాత ఒక్కొక్కరినే సారె మీద కూర్చోమంది.

నేను కుమ్మరి ఇంటి ఆడబిడ్డను. యాభై ఏళ్ళు దగ్గర పడ్డాయి. ఇరవై ఏళ్ళకు పైగా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సారె మీద చెయ్యి పెట్టడం నాకు ఆ రోజే మొదటిసారి. అది కూడా డబ్బు కట్టి.

చెప్పొద్దూ, ఒళ్ళు పులకరించింది. తడి మట్టి అరచేతుల మధ్య పైకి లేస్తుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కనున్నావిడ "హీలింగ్ కదా!" అంది. నాకు మాత్రం మా బాపమ్మ గుర్తొచ్చింది, కోపం వచ్చింది. ఆ కోపమే ఈ వ్యాసం.

కరీంనగర్ జిల్లాలో మా ఊళ్ళో తాత సారె ఇంటి ముందు పందిరి కింద ఉండేది. నేలలో పాతిన మొన మీద తిరిగే బరువైన చక్రం. కర్రతో తిప్పేవాడు. ఆడుకుంటూ నేను దాని దగ్గరికి పోతే బాపమ్మ చెయ్యి పట్టి గుంజేది. "సారె ముట్టకు బిడ్డా, మనం ముడితే తిరగదు" అనేది. ముట్టడం అన్న మాటకు మన భాషలో ఇంకో అర్థం ఉందని అప్పటికి నాకు తెలియదు. ఆ ఇంకో అర్థం వల్లే మొదటి అర్థం మీద నిషేధం అని తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ నాలుగు రోజులూ బాపమ్మ ఆవం దగ్గరికి కూడా పోయేది కాదు. ఆవంలో కుండలు పగిలితే ఆ నెల ఎవరు బయట ఉన్నారని లెక్క తీసేవాళ్ళు. పిడకలు తడిసి ఉండటం, మట్టిలో సున్నపురాయి ఉండటం, గాలివాన రావడం, ఇవన్నీ ఆ తర్వాతి అనుమానాలు.

అయితే కుండ ఎట్లా తయారవుతుందో తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఇది వివరంగా చెప్పాల్సిందే, ఎందుకంటే అబద్ధమంతా ఇక్కడే దాక్కుంది.

సారె మీద నుంచి నీళ్ళ కుండ పూర్తి ఆకారంలో దిగదు. దిగేది మందమైన గోడలు, మూతి, మెడ మాత్రమే. దారంతో కోసి తీస్తే దానికి అడుగే ఉండదు. అడుగు తెరిచిన ఆ ముద్దను నీడలో కొంచెం ఆరబెట్టి, లోపల ఎడమచేత్తో గుండ్రటి రాయి ఆనించి, బయటినుంచి కుడిచేత్తో చెక్కతో తడుతూ తడుతూ పోవాలి. తట్టేకొద్దీ గోడ పలచబడుతుంది, కడుపు ఉబ్బుతుంది, అడుగు మూసుకుంటుంది. ఎక్కువ తడితే చిరుగుతుంది. తక్కువ తడితే బరువు మిగిలి ఆవంలో పగులుతుంది. వేలితో మందం తెలుసుకోవడం తప్ప వేరే కొలత లేదు. నీళ్ళు చల్లబడేది పలచటి ఆ గోడ చెమర్చడం వల్లే. కుండ కుండ అయ్యేది ఆ కడుపు వల్లే.

మా ఇంట్లో ఆ తట్టడం బాపమ్మది. చెరువు నుంచి మట్టి గంపలు మోయడం, ఎండబెట్టి చిదిపి జల్లెడ పట్టడం, నానబెట్టి కాళ్ళతో తొక్కడం, రాళ్ళు ఏరడం, జాజు పూయడం, ఆవం పేర్చేటప్పుడు అందించడం, కాలినవి నెత్తిన పెట్టుకుని సంతకు పోవడం ఆమెదే. ఒక్కో కుండ తాత సారె మీద ఉండేది కొన్ని నిమిషాలు. బాపమ్మ ఒడిలో ఉండేది అంతకు ఎన్నో రెట్లు. పెద్దయ్యాక ఒకసారి అడిగాను, కుండలు ఎవరు చేస్తారని. "మీ తాతనే. నేనేం జేస్తనే, గింత తట్టి పెడ్త" అంది.

గింత తట్టి పెడ్త! మన స్త్రీవాద పరిభాషలో ఇంటిచాకిరీ గురించి, కనిపించని శ్రమ గురించి ఎన్ని వ్యాసాలు రాసుకున్నాం? పొలంలో నాటు వేసే ఆమెను రైతు అనరు, మగ్గానికి ఆసు పోసే ఆమెను నేతగాడు అన్నట్టు అనడానికి మాటే లేదు అని ఎప్పుడో గుర్తించాం. కుమ్మరి ఇల్లు అంతకంటే ఒక మెట్టు పైన ఉంది. ఇక్కడ వస్తువులో ముప్పాతిక భాగం చేసిన మనిషే తాను చేయలేదని నమ్ముతుంది. సారె తిప్పినవాడిదే కుండ. తిప్పడానికి ఆమెకు అర్హత లేదు. అర్హత లేని పనికే పేరు, అర్హత ఉన్న పనులన్నీ సాయం.

పెళ్ళయి పోయేటప్పుడు ఆడబిడ్డకు సారె పెడతారు. చీరలు, పసుపు కుంకుమలు, చలిమిడి. కుమ్మరి ఇంట్లో కూడా అదే సారె. ఇంకో సారె కొడుకుకు.

ఇప్పుడు జపాన్ టీ గిన్నె దగ్గరికి వద్దాం. రెండున్నర వేలు కట్టాను కనుక ఊరుకోలేక చదివాను. చదివేకొద్దీ నవ్వు, దుఃఖం రెండూ వచ్చాయి. టీ గిన్నెల్లో అన్నిటికంటే గొప్పవని చెప్పే వాటిలో ముందు వరసలో ఉండే రాకు గిన్నెలు అసలు సారె మీద చెయ్యరు! 16వ శతాబ్దంలో రిక్యూ అభిరుచికి తగినట్టు చోజిరో అనే అతను మొదలుపెట్టిన పద్ధతి అది. మట్టిని అరచేతుల్లో ఒత్తి లేపి, కొంచెం ఆరాక చిన్న పనిముట్టుతో చెక్కుతారు. సారె వల్ల వచ్చే నునుపు, సమానత్వం అక్కర్లేదనే ఆ గిన్నెకు అంత విలువ. అంటే సారె ముట్టని చేతిపని అక్కడ కళల్లో కల్లా కళ. ఇక్కడ బాపమ్మ చేస్తే గింత తట్టడం.

జపాన్‌ను ఎత్తి మనల్ని దించుతున్నానని అనుకోకండి. ఆ చేతిపని అక్కడ ఎవరిది? రాకు వంశానికి ఇప్పటికి పదహారు తరాలు. పదహారో కిచిజాఎమోన్ 2019లో ఆ పేరు స్వీకరించాడు. పదహారు మందీ మగవాళ్ళే. టీ నేర్పే పెద్ద పీఠాలు ఉరాసెంకే, ఒమోతెసెంకే, ముషాకోజిసెంకేలకు అధిపతులూ మగవాళ్ళే. మరి టీ నేర్చుకునేది ఎవరు? అత్యధికులు ఆడవాళ్ళు. 1868 తర్వాత మెయిజీ కాలంలో బాలికల పాఠశాలల్లో టీ సంప్రదాయాన్ని ఒద్దిక నేర్పే పాఠంగా పెట్టారు. ఎలా కూర్చోవాలి, ఎలా వంగాలి, గిన్నె ఎటు తిప్పి అందించాలి. అంతకుముందు యుద్ధవీరుల, వర్తకుల వ్యాపకం అది. ఆడపిల్లల చేతికి వచ్చేసరికి పెళ్ళికి అర్హత అయింది. మనకేం కొత్త? మనకూ ఒక టీ సంప్రదాయం ఉంది. దాని పేరు పెళ్ళిచూపులు. ట్రే పట్టుకుని తలొంచుకుని రావడం ఏ స్టూడియోలోనూ డబ్బు కట్టి నేర్చుకోలేదు మనం.

ఆవం ముట్టు కథ అక్కడా ఉంది. షిగరాకిలో కొయామా కియోకో (1936-2023) కట్టెల ఆవం కాల్చడానికి పూనుకున్నప్పుడు ఆడది దగ్గరికొస్తే ఆవం మైలపడుతుందన్నారు. ఆమె తన ఆవం తాను కట్టుకుంది. క్యోటోలో త్సుబొయి అసుకా 1957లో స్త్రీల కుండకళా సంఘం పెట్టింది, మగవాళ్ళ సంఘాల్లో చోటు లేక. వాబి సాబి చెప్పిన అమ్మాయి రిక్యూ పేరు ఆరుసార్లు ఎత్తింది. ఈ ఇద్దరి పేర్లు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆమె తప్పు కాదు. ఆమె చదివిన పుస్తకాల్లో లేరేమో.

ఇంకొకామె కూడా లేదు. ఒతగాకి రెంగెత్సు. 1791లో పుట్టింది. రెండు పెళ్ళిళ్ళు, ఇద్దరు భర్తలూ పోయారు, కన్న పిల్లలందరూ పోయారు. ముప్ఫై దాటాక గుండు చేయించుకుని బౌద్ధ సన్యాసిని అయింది. 1832లో పెంచిన తండ్రి కూడా పోయాక బతకడానికి మట్టి పట్టుకుంది. సారె లేదు, చేతులతోనే టీ కూజాలు, కప్పులు చేసింది. పచ్చి మట్టి మీద తన కవితలను తానే పుల్లతో గీసింది. జనం ఎగబడి కొన్నారు. దొంగ సరుకు చేసేవాళ్ళు కూడా పుట్టుకొచ్చారు. 1875లో పోయేదాకా ఆమె చేతులు ఆగలేదు.

రెంగెత్సు గురించి చదువుతుంటే మొల్ల గుర్తురాని తెలుగు ఆడమనిషి ఉంటుందా? కుమ్మరి మొల్ల అని లోకమంతా పిలుస్తుంది. టాంక్ బండ్ మీద విగ్రహం ఉంది. 1991లో సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో స్త్రీల రచనల సంకలనం వచ్చినప్పుడు అందులో చోటు దొరికింది. మొల్ల ఏ కాలానిది, ఏ ఊరిది, నిజంగా కుమ్మరేనా అని పండితులు తరాలుగా కొట్లాడుకున్నారు. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. మొల్ల సారె ముట్టిందా? రామాయణం రాసిన చేతికి ఆ ఇంటి చక్రం మీద హక్కు ఉందా? పద్యం రాయనిచ్చారు సరే, కుండ చేయనిచ్చారా? రెంగెత్సు మట్టీ కవితా ఒకే వస్తువు మీద కలిశాయి. మనం మొల్ల పేరులో కుమ్మరిని ఉంచి, చేతుల్లోంచి మట్టిని కడిగేశాం.

ఇక్కడ కొందరు స్నేహితురాళ్ళు అడ్డు వస్తారని తెలుసు. ఏ ఆడదైనా సారె ముట్టుకోవడం విముక్తి కాదా, ఆ స్టూడియోలు నిషేధాన్ని బద్దలు కొట్టలేదా అని. కొట్టాయి. ఎవరి మీది నిషేధాన్ని? ఈ దేశంలో స్టూడియో కుండపని జపాన్ దారిన వచ్చింది. 1919లో జపాన్ వెళ్ళి నేర్చుకొచ్చిన గురుచరణ్ సింగ్ ఢిల్లీలో మొదలుపెట్టాడు. జపాన్‌లో నేర్చుకున్న డెబోరా స్మిత్, రే మీకర్‌తో కలిసి 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టింది. అక్కడినుంచి ఎందరో చదువుకున్న ఆడవాళ్ళు సారె మీద కూర్చున్నారు, గొప్ప పనులు చేశారు. నాకు వాళ్ళ మీద ఈర్ష్య లేదు, గౌరవమే. కానీ ఒక్కటి చూడండి. కుమ్మరి కులంలో పుట్టనందుకే వాళ్ళకు ఆ చక్రం దొరికింది. ఆ కులంలో పుట్టినందుకే మా బాపమ్మకు దొరకలేదు. పై కులాల ఆడదానికి కళ అయింది, కుమ్మరి మగవాడికి కులవృత్తి అయింది, కుమ్మరి ఆడదానికి చాకిరీ అయింది. ఒకే మట్టి. మణిపూర్‌లో ఆండ్రో గ్రామంలో సారె లేకుండా ఆడవాళ్ళే కుండలు చేస్తారు, కుండ వాళ్ళదే అంటారు. మణిపూర్‌కే చెందిన నీలమణీ దేవికి 2007లో పద్మశ్రీ వచ్చింది. కనుక ఇదంతా ప్రకృతి సిద్ధమని ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

అజ్ఞాత శిల్పి అనే మాట ఒకటి తెగ వాడతారు టీ గిన్నెల పుస్తకాల్లో. యనగి సోయెత్సు ఈ ఆలోచనకు పెద్ద దిక్కు. క్యోటోలోని దైతోకుజి ఆలయ ప్రాంగణంలో ఉన్న కిజాఎమోన్ ఇదో గిన్నెను ఆయన 1931లో చూసి పరవశించిపోయాడు. అది కొరియాలో ఎవరో పేదవాళ్ళు అన్నం తినడానికి చేసిన మామూలు గిన్నె అని, పేరు కోరనివాడి పని కనుకే అంత అందమని రాశాడు. పేరు కోరలేదా, పేరు అడిగే దిక్కు లేకపోయిందా? 1592 నుంచి 1598 దాకా హిదెయోషి సేనలు కొరియా మీద పడి కుమ్మరులను ఊళ్ళకు ఊళ్ళు పట్టుకుపోయాయి. అట్లా వెళ్ళిన వాళ్ళలో ఒకామె, భర్త పోయాక తొమ్మిది వందల మంది దాకా తన వాళ్ళను వెంటబెట్టుకుని అరితాకు చేరి పింగాణీ పనిలో నిలబెట్టిందని చెబుతారు. 1656లో తొంభై ఆరేళ్ళకు పోయింది. హ్యకుబసెన్ అంటారు. అది గౌరవంతో పిలిచిన పేరు, నూరేళ్ళ అవ్వ లాంటిది. తొమ్మిది వందల మందిని నడిపిన మనిషికి కూడా చివరికి మిగిలింది అవ్వ అన్న పిలుపే. అజ్ఞాతం అనేది సద్గుణం కాదు, అదొక పెత్తనపు ఏర్పాటు. అందులో ఆడవాళ్ళు రెండింతలు అజ్ఞాతం.

పగిలిన గిన్నెను బంగారంతో అతికే కింట్సుగి గురించి ఇప్పుడు మన స్త్రీల సభల్లో కూడా వింటున్నాను. పగుళ్ళే నీ అందం, గాయాలను బంగారంతో నింపుకో అని. నిజమైన కింట్సుగి లక్కలాంటి చెట్టు పాలతో చేస్తారు, ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి, ఆరడానికి వారాలు, నెలలు పడుతుంది. ఇక్కడ అమ్మేది ఎపాక్సీ జిగురు, బంగారు రంగు పొడి. అది పోనీ. గృహహింస బాధితురాలిని ముందు వరసలో కూర్చోబెట్టుకుని ఈ ఉపమానం చెబితే నాకు వణుకు పుట్టింది. గిన్నె దానంతట అది పగిలిందా? పగలగొట్టినవాడు ఎక్కడ? మా ఇంట్లో పగిలిన కుండ పెంకు మంగలం అయ్యేది. పొయ్యి మీద పెట్టి పేలాలు వేయించుకునేవాళ్ళం. దాని పగులుకు ఎవరూ పూజ చేయలేదు, దాన్ని పనిలో పెట్టారు.

మా ఇంటి గురించి కూడా ఒక అప్రియమైన సంగతి చెప్పాలి. టీ గదిలో చిక్కటి టీ తాగేటప్పుడు సంప్రదాయం ప్రకారం అతిథులంతా ఒకే గిన్నెలోంచి, అంచు తుడిచి పక్కవాళ్ళకు అందిస్తూ తాగుతారు. ఆ స్టూడియోలో ఇది విన్నప్పుడు మా ఊరి హోటల్ గుర్తొచ్చింది. అక్కడ దళితుల గ్లాసులు వేరే. తాగి, వాళ్ళే కడిగి బయట పెట్టాలి. మట్టి పాత్రకైతే ఇంకా పెద్ద శిక్ష. మట్టి పీల్చుకుంటుంది కనుక ఎవరైనా ముట్టారంటే పారేయాల్సిందే. చావైనా పారేయాలి, గ్రహణం పట్టినా పారేయాలి. పారేసిన ప్రతి కుండా మా తాతకు ఇంకో కుండ అమ్మకం. ఊరి మైల మీద మా ఇల్లు బతికింది. ఆ మైల లెక్కే తిరిగి మా ఇంటి ఆడవాళ్ళను సారెకు దూరం పెట్టింది. కుమ్మరి సంఘాల సభల్లో దీని గురించి మాట్లాడితే మొహాలు మాడ్చుకుంటారు. మాట్లాడక తప్పదు.

మరి ఇవాళ ఏం జరుగుతోంది? సాయంత్రాలు అంబీర్ చెరువు గట్టు వైపు నడకకు పోతాను. చుట్టూ అపార్ట్‌మెంట్లు. చెరువు అంటే మా ఇంటికి ముడిసరుకు. ప్రగతి నగర్‌లో అది నడక దారి, వినాయక నిమజ్జనం. వేసవిలో రోడ్డు పక్కన కుండలు అమ్మే ఆమెను అడిగాను, ఎక్కడివని. సగం సరుకు గుజరాత్ నుంచి లారీలో వస్తుందట. అక్కడికి నాలుగు అడుగుల దూరంలో తందూరీ చాయ్ బండి. ఎర్రగా కాల్చిన ముంతలో టీ పోస్తే బుస్సున పొంగుతుంది, కుర్రాళ్ళు ఫోన్లలో తీసుకుంటారు. రాకు గిన్నెను కూడా ఎర్రగా కాలుతుండగానే ఆవంలోంచి లాగుతారు లెండి. ఇరవై రూపాయల రాకు!

ప్రభుత్వాలు కరెంటు సారెలు ఇస్తున్నాయి. మంచిదే. స్విచ్ వేస్తే తిరిగే చక్రానికి ముట్టు ఉండదేమోనని ఆశపడ్డాను. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి, అందులో కుమ్మరి పని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం. నిబంధన ఏమిటంటే కుటుంబానికి ఒక్కరే. భర్త, భార్య, పెళ్ళికాని పిల్లలు కలిస్తే ఒక కుటుంబం. ఆ ఒక్కరు ఎవరవుతారో ఎవరైనా ఊహించగలరు. ఊళ్ళో మా వదిన ఇప్పటికీ కడుపు తడుతుంది. కుండ కడుపు. దరఖాస్తులో పేరు అన్నయ్యది. ఫారం నింపింది డిగ్రీ చదివిన మేనకోడలు. దానికీ తట్టలేదు. వదిన పేరు ఎందుకు రాయలేదే అంటే, "అమ్మ కుండలు చేయదు కదత్తా" అంది.

అందుకే స్త్రీవాదులమైన మనతోనే నా గొడవ. మట్టిని మన దేహానికి ఉపమానంగా ఎన్ని కవితల్లో వాడాం! గర్భాన్ని కుండ అన్నాం, మనల్ని మనం మలుచుకుంటాం అన్నాం. ఆ కుండ కడుపును చెక్కతో తట్టిన మనిషిని ఒక్కసారైనా కుమ్మరి అన్నామా? కుమ్మరామె అంటే కుమ్మరి భార్య అన్న అర్థమే ఇంకా మన నోళ్ళలో ఉంది. విశ్వవిద్యాలయాల్లో జపాన్ సౌందర్యశాస్త్రం మీద సెమినార్లు పెట్టండి, వద్దనను. తట్టడం మీద ఒక్క పరిశోధన చేయించండి. పలచదనం వేలికి ఎట్లా తెలుస్తుందో ఆ చెప్పగలిగిన ఆడవాళ్ళు పోకముందే రాసుకోండి. మా బాపమ్మ పోయింది. నేను అడిగింది ఒక్క ప్రశ్న, దానికి ఆమె ఇచ్చింది ఒక్క జవాబు. అది కూడా అబద్ధం.

స్టూడియో అమ్మాయికి ఫోన్ చేశాను. మా వదినను ఒకరోజు పిలవమన్నాను. సారె మీద కాదు, రాయి, చెక్క పట్టుకుని కూర్చుంటుంది, మనిషికి అదే రెండున్నర వేలు పెట్టమన్నాను, సగం ఆమెకు ఇమ్మన్నాను. "ఐడియా బాగుంది మేడమ్, కానీ అది ఫోక్ కిందికి వస్తుంది కదా, దానికి రేటు అంత రాదు" అంది. ఆలోచించి చెబుతానంది. ఇంకా చెప్పలేదు. వదినకు మాత్రం నేను చెప్పేశాను. "రెండున్నర వేలా? గింత తట్టినందుకా?" అని చాలాసేపు నవ్వింది. తర్వాత, తన చెక్క అరిగిపోయింది, కొత్తది చేయించాలి అంది.